ఇంకా ఏమీ జరగలేదు

మేడమీది ముందుగది,
జూన్ మొదటి వారం

ఇన్స్పెక్టరుగారికి, అనగా నా కొడుక్కి,

ఫోను చేస్తే "మీటింగులో ఉన్నానమ్మా" అంటావు. కాగితానికి ఆ మాట చెప్పి పెట్టెయ్యలేవు కదా అని ఉత్తరం రాస్తున్నాను. మేం క్షేమం. నువ్వూ క్షేమమేనని తలుస్తాను. పోలీసువాళ్ళకేమవుతుంది, అయ్యేదంతా పక్కవాళ్ళకే కదా.

ఎదురింటి పైవాటాలోకి కొత్తగా అద్దెకు దిగారు. ఎవరనుకున్నావు? మన మాజీ. నీ మేనకోడలి మాజీ మొగుడు. మంత్రులు సైతం పదవి పోయాక బంగళా ఖాళీ చేసి పోతారు. ఈయన పదవి పోయాక వచ్చి బంగళా ఎదురుగా దిగాడు.

మన వీధి సంగతి నీకు తెలుసు. ఇక్కడ తుమ్మితే అక్కడివాళ్ళు ముక్కు తుడుచుకోవాలి. ఆ బాల్కనీలో ఒక ఆకుపచ్చ ప్లాస్టిక్ కుర్చీ వేసుకున్నాడు. వీధి చివరి వైపుకీ కాదు, ఆకాశం వైపుకీ కాదు, సరిగ్గా మన గుమ్మానికి ఎదురుగా. పిల్ల పొద్దున కంటి ఆసుపత్రిలో డ్యూటీకి బయల్దేరేసరికి కప్పు పట్టుకుని కూర్చుని ఉంటాడు. అది తలుపు తీయగానే కప్పు కాస్త పైకెత్తుతాడు. తిరిగొచ్చేటప్పుడూ అంతే. నోరు విప్పడు, కిందికి దిగడు. కప్పెత్తడమే.

మీ అక్క పోయాక ఈ పిల్లను పెంచింది నేను. పెళ్ళి చేసిందీ నేనే, ఆ పాపం నాదే. కాపురం చేసిన మూడేళ్ళలో దాని మణికట్టు ఎలా విరిగిందో నీకు గుర్తుందా? మెట్ల మీద జారానంది. ఆ ఇంటికి మెట్లే లేవు. విడాకుల రోజున కోర్టు వరండాలో వాడు దాని చెవిలో ఏమన్నాడో కూడా నీకు చెప్పాను: "ఎక్కడికి పోతావు? నేనూ అక్కడే ఉంటాను." మాట నిలబెట్టుకునే మగవాణ్ణి నా జీవితంలో వీణ్ణొక్కణ్ణే చూశాను.

వచ్చే ఆదివారం లోపల వాణ్ణి అక్కణ్ణుంచి లేపించు. నీ భుజం మీద ఆ నక్షత్రాలు మొలిచి ఇన్నేళ్ళయింది, మన ఇంట్లో వాటి వెలుగు ఒక్కసారైనా పడితే చూడాలనుంది.

మీ అమ్మ

*

జిల్లా పోలీసు కార్యాలయం,
జూన్

అమ్మకు నమస్కారాలు.

నీ ఉత్తరం అందింది. నిజంగానే మీటింగులో ఉన్నాను. అక్కడే చదివాను.

ముందు నువ్వు వినడానికి ఇష్టపడని సంగతి చెబుతాను. ఒక మనిషి అద్దె కట్టి, తన బాల్కనీలో, తన కుర్చీలో కూర్చుని, తన కప్పు తాను పైకెత్తడం నేరం కాదు. నీ ఊరు నా పరిధిలో లేదు. ఉన్నా ఇదే చెప్పేవాణ్ణి. ఏ సెక్షను కింద లేపమంటావు? చూపు సెక్షనా, కుర్చీ సెక్షనా?

అతను ఆమెతో మాట్లాడాడా? ఫోను చేశాడా, వెంట నడిచాడా, బెదిరించాడా? చేసి ఉంటే స్టేషనుకు వెళ్ళి ఫిర్యాదు ఇవ్వండి. చేయకపోతే, చేసేదాకా పోలీసుల చేతిలో ఏమీ లేదు. ఈలోగా తాళాలు మార్పించు. ఆమెను ఒంటరిగా నడవనివ్వకు. ఆసుపత్రివాళ్ళకు అతని ఫొటో ఇచ్చి ఉంచండి.

ఇంకో మాట. ఏడో తరగతిలో నాకు పౌరశాస్త్రం చెప్పింది నువ్వే. "చేసినదానికి పట్టుకుంటే అది చట్టం, చేస్తాడేమోనని పట్టుకుంటే అది రాజుగారి తిక్క" అని బోర్డు మీద రాసి, కింద రెండు గీతలు గీశావు. పరీక్షలో నేనది తప్పు రాస్తే సొంత కొడుకునని కూడా చూడకుండా సున్నా వేశావు. ఇప్పుడు సరిగ్గా రాశాను. మార్కులు వెయ్యి.

నీ కొడుకు

*

మేడమీది ముందుగది,
జూన్ చివర

నాయనా,

మార్కులు వేశాను. పూర్తి మార్కులు. వాటిని చట్రం కట్టించి గోడకు తగిలించుకో. నీ మేనకోడలి ఫొటో పక్కన మేకు ఖాళీగా ఉంది.

ఇప్పుడు పిల్ల వెనక తలుపు నుంచి వెళ్తోంది. సొంత ఇంట్లోంచి దొంగలా. బాల్కనీలో వాడు మాత్రం దొరబాబులా. వీధి వైపు గదిలో దీపం వేయనివ్వడం లేదు. నిన్న నేను పుస్తకం చదువుకుంటుంటే వచ్చి స్విచ్చి ఆపేసింది. "అమ్మమ్మా, నీడ కనబడుతుంది" అంది. నా నీడకు కూడా సెలవిచ్చేశాం.

నీ సలహా పాటించి మన పేట స్టేషనుకు వెళ్ళాను. అక్కడి ఇన్స్పెక్టరు కుర్రవాడు, మర్యాదస్థుడు. నేను వెళ్ళగానే టీ తెప్పించాడు. అన్నీ విన్నాడు.

"బామ్మగారూ, ఇంతవరకూ ఏమైనా జరిగిందాండీ?"

"ఇంకా ఏమీ జరగలేదు. జరగకూడదనే వచ్చాను."

"అదేనండీ. ఏదైనా జరిగితే మాత్రం ఒక్క క్షణం ఆలస్యం చేయకుండా వచ్చెయ్యండి."

"జరిగాక నేను వచ్చే స్థితిలో ఉండాలి కదా బాబూ."

"అయ్యో, అలా అనకండి. ఇంకో టీ తాగుతారా?"

అలా రెండు టీలు తాగి వచ్చాను. పక్కన ఒక ఆడ హెడ్ కానిస్టేబులు కూర్చుని ఉంది. లావుపాటి మనిషి, ఆవిడొక్కతే ఒక్క నవ్వూ నవ్వకుండా నా మాటలు విన్నది. నేను లేస్తుంటే "వీధిలోకి రౌండు వచ్చినప్పుడల్లా మీ ఇంటి ముందు ఆగుతానమ్మా" అంది. ఆవిడకు హెడ్డమ్మ అని పేరు పెట్టుకున్నాను. ఆ టీ ఇన్స్పెక్టరు కంటే నీకంటే ఆవిడే నయం.

మొత్తానికి మీ శాఖ పద్ధతి నాకు అర్థమైంది. మీకు నేరం కావాలి. నేరం లేనిదే మీ బండి కదలదు. ఇల్లు అంటుకుంటుందేమోనని చెబితే బిందె ఎత్తరు, బూడిద చూపిస్తే కొలతలు తీసుకుంటారు. సరే. నేరమే కదా కావలసింది? అదేమంత దొరకని వస్తువా.

మీ అమ్మ

*

జిల్లా పోలీసు కార్యాలయం,
జూలై

అమ్మా,

నీ చివరి రెండు వాక్యాలు నాకు నచ్చలేదు. ఏం చేయబోతున్నావు? ఏమీ చేయకు.

మీ పేట ఇన్స్పెక్టరుకు ఫోను చేశాను, అధికారిగా కాదు, బంధువుగా. అతను చేయగలిగిందే చేస్తానన్నాడు. అంటే ఏమీ లేదని నాకూ తెలుసు, అతనికీ తెలుసు. అతని స్టేషనులో ఉన్నవాళ్ళు పది వీధులకు సరిపోరు, ఉన్న వీధులు నూరు. హెడ్ కానిస్టేబులు ఆగుతానన్నదంటే నిజంగా ఆగుతుంది. అది ఆవిడ సొంత సమయం. కృతజ్ఞత చూపించు, పోలికలు తరువాత పెట్టవచ్చు.

నా మేనకోడలి మీద నాకు ప్రేమ లేదన్నట్టు రాస్తున్నావు. అదేదో నీ దగ్గరే ఉండే సరుకైనట్టు. నాకు తోచిందల్లా చేసి, అంటే మఫ్టీలో వచ్చి, ఆ మెట్లెక్కి, వాడి కాలరు పట్టుకుని కిందికి ఈడ్చి ఉంటే నీకు తృప్తిగా ఉండేది. రేపు ఇంకో ఇన్స్పెక్టరు ఇంకో ఇంట్లో అదే చేస్తే? వాడి దగ్గరా ఒక అమ్మ ఉంటుంది, ఆవిడా ఏడుస్తుంది.

మళ్ళీ చెబుతున్నాను. ఏమీ చేయకు.

నీ కొడుకు

*

మేడమీది ముందుగది,
ఆగస్టు

ఒరేయ్,

ముందుగా శుభవార్త. మన వీధిలో నేరాలు నివారించడానికి పోలీసులు ఎట్టకేలకు చర్య తీసుకున్నారు. నన్ను బైండోవర్ చేశారు. ఆరు నెలలపాటు శాంతికి భంగం కలిగించనని, ఎదురింటి మెట్లు ఎక్కనని పూచీకత్తు మీద సంతకం చేసి వచ్చాను. డెబ్భై మూడేళ్ళ రిటైర్డ్ హెడ్‌మిస్ట్రెస్ వల్ల ఈ పేటకు ఇక ఏ భయమూ లేదు. నువ్వు నిశ్చింతగా నిద్రపో.

ఏం జరిగిందో విను. వాడు చెయ్యెత్తాలి, ఎత్తితే మీరు రావాలి, ఇదీ నా లెక్క. పిల్ల మీద ఎత్తేకంటే నా మీద ఎత్తడం మేలు కదా. నా ఎముకలు ఎలాగూ పాతవి. అందుకని పిల్ల డ్యూటీకి పోయాక రోజూ ఆ మెట్లెక్కాను.

"ఏమయ్యా, పనీపాటా లేదా? ఇలాగే కూర్చుంటే కుర్చీకి వేళ్ళు దిగుతాయి."

"ఎండలో వచ్చారు అమ్మమ్మగారూ. లోపలికి రండి."

"నీ లోపలికి ఒక పిల్లను పంపి చూశాం. చాలు."

నవ్వాడు. మర్నాడు ఇంకాస్త కారం దట్టించాను. వాళ్ళమ్మ పెంపకం మొదలుకొని వాడి నెత్తిన పలచబడుతున్న జుట్టు దాకా దేన్నీ వదలలేదు. వాడు కుర్చీ జరిపి నాకు వేశాడు. మూడోనాడు తిన్నగా అడిగేశాను.

"ఆ చెయ్యి ఆడపిల్లల మీదే లేస్తుందా, ముసలివాళ్ళ మీద లేవదా? ఏదీ, లేపు చూద్దాం."

"మీరు పెద్దవారండీ."

"పెద్దరికమేనా అడ్డం? ఇదిగో, కళ్ళజోడు కూడా తీసేశాను. కానియ్."

నువ్వు నమ్మవు, వాడు రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు. వాడికి చెయ్యి ఎప్పుడు ఎత్తాలో ఎప్పుడు ఎత్తకూడదో బాగా తెలుసురా. అదే నాకు ఒళ్ళు మండించింది. కోపం పట్టలేని మనిషయితే జాలి పడవచ్చు. వీడు కోపాన్ని జేబులో పెట్టుకుని, ఎవరి దగ్గర తీయాలో చూసుకుని తీస్తాడు. ఆ మంటలో వాడి కప్పు లాక్కుని వీధిలోకి విసిరాను. భళ్ళుమంది. నాకు హాయిగా ఉంది.

గంట తిరక్కముందే ఇద్దరు కానిస్టేబుళ్ళు మన తలుపు తట్టారు. మొగుణ్ణి కొట్టి మొగసాలకెక్కినట్టు, వాడే వెళ్ళి నా మీద ఫిర్యాదు ఇచ్చాడు.

స్టేషనులో టీ ఇన్స్పెక్టరు తల పట్టుకుని కూర్చున్నాడు. ఈసారి టీ కూడా ఇవ్వలేదు. మాజీగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు, హెడ్డమ్మ గోడవారన నిలబడి ఉంది. వాడు గొంతులో తేనె పోసుకుని చెప్పాడు: "ఆవిడ మీద నాకేం కోపం లేదు సార్, పెద్దావిడ. నేనక్కడ ఉంటున్నది మా ఆవిడ కోసం." "విడాకులయ్యాయి కదయ్యా?" అన్నాడు ఇన్స్పెక్టరు. "కాగితం మీద సార్" అన్నాడు.

ఇక మొదలుపెట్టాడు వాగుడు. తను ఏ బస్సెక్కుతుందో, ఏ రోజు ఆలస్యంగా వస్తుందో, కొత్త చెప్పుల్లో ఎడమకాలిది కరుస్తోందనీ. "ఇప్పుడు వెనక సందులోంచి పోతోంది సార్. సందు చివర నిలబడితే నన్ను చూసి ఆగిపోతుంది, మళ్ళీ వెనక్కి పోతుంది. తిరిగి నా దగ్గరికి వచ్చేదాకా ఇలాగే ఉంటాను. ఇంకెవడితోనైనా పోయిందంటే మాత్రం ఆ రోజు నేను మనిషిని కాను." ఇంత విన్నాక ఎవరైనా ఏమన్నా అంటారేమోనని చూశాను. ఎవరూ ఏమీ అనలేదు. సంతకం మాత్రం నా చేత పెట్టించుకున్నారు.

నీ చట్టం నాకు బాగా నచ్చిందిరా. దానికి కళ్ళు లేవంటారు కానీ, ముసలిదాన్ని మటుకు ఇట్టే పట్టేస్తుంది.

మీ అమ్మ

*

జిల్లా పోలీసు కార్యాలయం,
ఆగస్టు

అమ్మా,

నీ ఉత్తరం చదివి మా ఆఫీసులో ఇద్దరు నవ్వారు. నేను నవ్వలేదు. వాడు ఆ రోజు చెయ్యెత్తి, నువ్వు ఆ మెట్ల మీంచి దొర్లి ఉంటే, కేసు రాసేవాడు ఎవడో ఒకడు నాకు ఫోను చేసేవాడు. అది నీ బుర్రకు తట్టలేదు. తట్టినా నీ లెక్కలో నేను లేను.

ఇప్పుడు కోపం కాసేపు పక్కన పెట్టి చదువు. అంత చదువుకుని, కప్పు పగలగొట్టిన సంగతి పేజీన్నర రాసి, అసలు విషయం చివర్లో "వాగుడు" అని పారేశావు. వాడు స్టేషనులో, ఇన్స్పెక్టరు ముందు, హెడ్ కానిస్టేబులు వింటుండగా ఏం చెప్పాడు? సందు చివర నిలబడి ఆమెకు దారి కాస్తున్నానన్నాడు. తిరిగి వచ్చేదాకా వదలనన్నాడు. ఇంకొకరితో వెళ్తే ఊరుకోనన్నాడు. బాల్కనీలో కూర్చోవడం నేరం కాదు. ఇది నేరం.

వెంటాడుతున్నాడా అని నేను జూన్‌లో అడిగాను. నువ్వు జవాబు రాయలేదు. నీకు తెలియదు. ఎందుకు తెలియదంటే నువ్వు అమ్మాయిని అడగలేదు. నేనూ అడగలేదనుకో. మనమిద్దరం ఒకరినొకరు పొడుచుకోవడంలో మునిగి, ఆ సందులో ఏమవుతోందో ఆమెను ఒక్క మాట కనుక్కోలేదు.

ఫిర్యాదు ఆమె ఇవ్వాలి. నువ్వు కాదు. నువ్వు ఇప్పుడు ఆ స్టేషను పుస్తకాల్లో ముద్దాయివి. హెడ్ కానిస్టేబులును సాక్షిగా పెట్టమని అడగండి. నేను కనుక్కున్నాను, ఆవిడ చెబుతానంది.

నీ కొడుకు

*

మేడమీది ముందుగది,
అక్టోబరు

నాయనా,

పిల్ల ఫిర్యాదు ఇచ్చింది. అడిగితే, నెల రోజులుగా సందులో వాడు అడ్డం నిలబడుతున్నాడని అప్పుడు చెప్పింది. "నాకెందుకు చెప్పలేదే?" అంటే, "చెబితే నువ్వు మెట్లెక్కుతావని. చెప్పకపోయినా ఎక్కావు" అంది. నోరు మూసుకున్నాను. ఎప్పుడో కాని జరగని వింత, రాసి పెట్టుకో.

హెడ్డమ్మ కోర్టులో రాయిలా నిలబడి చెప్పింది. మాజీగారి తరఫు వకీలు "మీరు అప్పుడే ఎందుకు కేసు పెట్టలేదు?" అని గద్దించాడు. "పెద్దావిడ కప్పు కేసు నడుస్తోందండీ, ఒక్కోసారి ఒక్కటే" అంది. మేజిస్ట్రేటు కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు. ఆజ్ఞ ఇచ్చారు. కేసు తేలేదాకా ఇంటికి గాని, ఆసుపత్రికి గాని, పిల్ల దరిదాపులకు గాని రాకూడదు. వస్తే నేరుగా లోపలికే.

మర్నాడే ఖాళీ చేశాడు. చిన్న ట్రాలీ బండిలో మంచం, స్టవ్వు, ఆ ఆకుపచ్చ కుర్చీ ఎక్కించుకున్నాడు. పోతూ పోతూ కిందనుంచి మన మేడ వైపు చూసి, చేతిలో కప్పేమీ లేకుండానే ఉత్త చెయ్యి పైకెత్తాడు. ఆ వేళ మనమే గెలిచామనుకుని పిల్లకు పాయసం చేసిపెట్టాను.

తినలేదు. గిన్నె ముందు పెట్టుకుని కూర్చుంది. "అమ్మమ్మా, ఇన్నాళ్ళూ వాడెక్కడున్నాడో నాకు తెలిసేది" అంది.

అప్పటినుంచి నాకు కంటిమీద కునుకు లేదు. ఎదురుగా ఉన్నప్పుడు కిటికీ సందులోంచి చూస్తే చాలు, కుర్చీలో ఉన్నాడంటే ఇంకెక్కడా లేనట్టే. ఇప్పుడు లేడు గనక ప్రతిచోటా ఉన్నాడు. బస్సులో వెనక సీట్లో ఉన్నాడు, కూరలకొట్టు ముందు ఉన్నాడు, మందులషాపు అద్దంలో ఉన్నాడు. పిల్ల మెడ అటూ ఇటూ తిప్పి తిప్పి పట్టేసింది, నూనె రాస్తున్నాను.

వాడు ఎక్కడ దిగాడో కనుక్కో. వాడి వెనక ఒక మనిషిని పెట్టు. సిగ్గు విడిచి అడుగుతున్నాను. లేదంటే వాణ్ణి తీసుకొచ్చి మళ్ళీ ఆ బాల్కనీలోనే కూర్చోబెట్టు. కప్పు నేనే కొనిస్తాను.

మీ అమ్మ

*

జిల్లా పోలీసు కార్యాలయం,
అక్టోబరు

అమ్మా,

పెట్టలేను.

కోర్టు చెప్పినట్టు ఇల్లు వదిలి వెళ్ళిన మనిషి వెనక ఇంకో మనిషిని పెట్టే అధికారం నాకు లేదు. వకీలు ద్వారా కొత్త చిరునామా ఇచ్చాడు, అది కోర్టువారి దగ్గర ఉంటుంది. అక్కడే ఉంటున్నాడో లేదో హెడ్ కానిస్టేబులు ఒకసారి చూసి వచ్చింది. తాళం వేసి ఉందట. తాళం వేసుకోవడం కూడా నేరం కాదు.

మేం నీడలం కాము. ఎంత తొందరగా వచ్చినా మేం వచ్చేది తరువాతే. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో నేను ఒక్క నేరానికి కూడా ముందుగా వెళ్ళలేదు. వెళ్ళానని చెప్పుకునే అధికారులున్నారు. వాళ్ళ మాట నేను నమ్మను. జరగని నేరాన్ని ఆపామని నిరూపించేదెలా?

నువ్వు దీన్ని చేతగానితనం అంటావు. అను. ఆమె దగ్గర స్టేషను నంబరు, హెడ్ కానిస్టేబులు నంబరు ఉన్నాయి. ఆసుపత్రివాళ్ళు గేటు దగ్గర ఫొటో పెట్టారు. ఇంతకుమించి నా దగ్గర లేదు. ఉందని అబద్ధం రాసి నీ చేత మంచి కొడుకనిపించుకోను.

నీ కొడుకు

*

మేడమీది ముందుగది,
డిసెంబరు

నాయనా,

పిల్లకు దెబ్బ తగల్లేదు. అది ముందు రాస్తున్నాను, నువ్వు ఉత్తరాలు మీటింగుల్లో చదువుతావు గనక.

వాడు ఆసుపత్రికి వచ్చాడు. గేటు దగ్గర ఫొటోలో గడ్డం ఉంది, వచ్చినవాడికి లేదు. ఇంకెవరిదో పేరు చెప్పి చీటీ తీసుకున్నాడు. కళ్ళు మసకలు, పూర్తి పరీక్ష కావాలన్నాడు. డాక్టరు చూసి కంటిపాపలు పెద్దవయ్యే చుక్కలు వేయమని రాశాడు, పిల్ల గదికి పంపాడు. ఆ గది చీకటిగా ఉంటుంది. నంబరు పిలిచింది, లోపలికొచ్చి కుర్చీలో కూర్చున్నాడు. దీపం మొహం మీద వేస్తే, వాడు.

"చూపు సరిగా ఆనడం లేదు. నువ్వే చూడాలి" అన్నాడట.

నేనైతే అరిచేదాన్ని. నువ్వైతే సెక్షను వెతికేవాడివి. అది "గడ్డం ఆనించండి, నుదురు ఇక్కడ పెట్టండి" అందట, రోజూ వందమందికి చెప్పే గొంతుతోనే. రెండు కళ్ళలో చుక్కలు వేసింది. చేయి పట్టి నడిపించి బయట బల్ల మీద, వరసగా కళ్ళు మూసుకుని కూర్చున్న ముసలివాళ్ళ మధ్య కూర్చోబెట్టింది. "మళ్ళీ మళ్ళీ వేయాలి. నేను చెప్పేదాకా కళ్ళు తెరవకండి. తెరిస్తే మొదటినుంచి వేయాల్సి వస్తుంది." అక్కడ ఎవరికైనా చెప్పే మాటే అది. తరువాత గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని హెడ్డమ్మకు ఫోను చేసింది.

మీవాళ్ళు వచ్చేసరికి ముప్పావుగంట. ఏదో ఊరేగింపు అడ్డమొచ్చిందట. ఆ ముప్పావుగంటలో పిల్ల మూడుసార్లు బల్ల దగ్గరికి వెళ్ళింది, మూడుసార్లు వాడి రెప్ప తన వేలితో ఎత్తి చుక్కలు వేసింది. వాడు నవ్వుకుంటూ కూర్చున్నాడట. పక్కన కూర్చున్న ముసలమ్మతో "మా ఆవిడే" అని కూడా చెప్పాడట. నర్సు చెప్పింది నాకు. వాడు పుట్టి బుద్ధెరిగాక నా మనవరాలి మాట వినడం అదే మొదలు.

హెడ్డమ్మ వచ్చి ఎదురుగా నిలబడింది. అలికిడికి కళ్ళు తెరిచాడు. ఎదురుగా మసక, వెలుగు, ఒక ఆడమనిషి ఆకారం.

"అయిపోయిందా? ఇక మనం వెళ్దామా?" అన్నాడట.

"పదండి, వెళ్దాం" అంది హెడ్డమ్మ.

పిల్ల మిగిలిన పేషెంట్లను చూసి, డ్యూటీ ముగించుకుని, ముందు తలుపు నుంచే ఇంటికొచ్చింది. వచ్చి వాకిట్లో నిలబడి వాంతి చేసుకుంది. తల పట్టుకున్నాను. అంతవరకే నా వల్ల అయింది. నీ వల్ల అయిందేమిటో నువ్వు రాయి.

మీ అమ్మ

*

జిల్లా పోలీసు కార్యాలయం,
ఫిబ్రవరి

అమ్మా,

నా వల్ల ఏమీ కాలేదు. రాయమన్నావు గనక రాశాను.

వాడి వకీలు చుక్కల సంగతి లాగుతాడని, అమ్మాయి అతన్ని నిర్బంధించిందని వాదిస్తాడని భయపడ్డాను. లాగాడు. డాక్టరు రాసిన చీటీ ఉంది, పూర్తి పరీక్ష అడిగింది అతనే, బల్ల మీద అతని పక్కన కూర్చున్నవాళ్ళకూ అన్నేసిసార్లు వేశారు. వాదన నిలవలేదు. వెంటాడినందుకు, ఆజ్ఞ మీరినందుకు కలిపి నాలుగు నెలల శిక్ష. ఇప్పటికే లోపలున్న కాలం అందులో పోతుంది. అంటే ఏప్రిల్‌లో బయటికి వస్తాడు. నాలుగు నెలలేనా అని నువ్వు అడుగుతావు. నాలుగు నెలలే. వచ్చాక ఏం చేస్తాడని అడుగుతావు. తెలియదు. ఇంటికీ ఆసుపత్రికీ రాకూడదన్న ఆజ్ఞ ఇంకో రెండేళ్ళు ఉంటుంది. ఆజ్ఞ కాగితం. అది నాకూ తెలుసు.

తేదీ హెడ్ కానిస్టేబులు మీకు చెబుతుంది. ఆ వారం నేను సెలవు పెట్టాను, వస్తున్నాను. పోలీసుగా కాదు గనక నువ్వు టీ ఇవ్వకపోయినా ఫరవాలేదు. ఆ రోజు మాత్రం అమ్మాయిని ఆసుపత్రికి పంపకు. తలుపులు వేసుకుని ఇంట్లో ఉంచు. నేను గుమ్మంలో కూర్చుంటాను.

నీ కొడుకు

*

మేడమీది ముందుగది,
మార్చి

నాయనా,

రా. టీ ఇస్తాను, పంచదార మాత్రం నువ్వే వేసుకో. గుమ్మంలో కూర్చుంటానన్నావు, మంచిదే. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో మొదటిసారి ఒకచోటికి ముందుగా వస్తున్నావు.

నీ ఉత్తరం పిల్లకు చదివి వినిపించాను. ఆ రోజు సెలవు పెట్టమని, తలుపులు వేసుకుని కూర్చోమని నేనూ నా వంతుగా మొత్తుకున్నాను. మనమిద్దరం ఒక మాట మీద ఉండటం అది పుట్టాక చూడలేదు కాబోలు, కాసేపు నన్ను విడ్డూరంగా చూసింది. తరువాత ఆసుపత్రి డ్యూటీ చీటీ తీసి చూపించింది. ఆ రోజున పొద్దుటి షిఫ్టు, మధ్యాహ్నం షిఫ్టు, రెండూ అడిగి మరీ వేయించుకుంది.

"ఇదేమిటే, ఆ రోజే ఎందుకు?" అన్నాను.

చెప్పులు వేసుకుంటూ, నా వైపు చూడకుండానే అంది:

"జైల్లోంచి బయటికొచ్చేది వాడు అమ్మమ్మా. లోపలికి పోవడానికి నేనేం చేశాను?"

దీనికి నీ పుస్తకాల్లో జవాబుంటే వచ్చేటప్పుడు తీసుకురా.

మీ అమ్మ